అర్ధరాత్రి పిలిస్తే వచ్చేవాళ్లు

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఇల్లు చూసుకునే ఆడదానికి అర్ధరాత్రి గుండె గుభేలుమనే సందర్భాలు ముఖ్యంగా రెండుంటాయి. ఒకటి, బాత్రూములో మురుగునీరు పైకి తన్నడం. రెండోది, మంచాన పడ్డ పెద్దవాళ్ల ఊపిరి తీరు ఉన్నట్టుండి మారడం. ఈ రెండూ నాకు అనుభవమే.

మొన్న సంక్రాంతికి ముందురోజు ఇంటినిండా చుట్టాలు. రాత్రి పదకొండింటికి బాత్రూము జాలీలోంచి నీళ్లు పొంగి హాల్లోకి వచ్చేశాయి. మావారు నలుగురు ప్లంబర్లకి ఫోను చేశారు. ఒకాయన ఎత్తలేదు. ఇద్దరు పండక్కి ఊరెళ్లారు. నాలుగో ఆయన "రేపు చూద్దాంలెండి" అని పెట్టేశాడు. తెల్లవార్లూ బకెట్లతో తోడిపోశాం.

రెండోది నాలుగేళ్ల కిందటి మాట. మా అత్తగారికి కాన్సరు ముదిరిపోయింది. "ఇక చేసేదేమీ లేదమ్మా, ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు డాక్టర్లు. తీసుకొచ్చాం. చేసేది లేకపోవడం ఆసుపత్రివాళ్లకి. ఇంట్లోవాళ్లకి చేసేది కొండంత ఉంటుంది. నొప్పిమాత్ర ఎన్ని గంటలకోసారి వెయ్యాలి? వీపుమీద పుండు ఎలా కడగాలి? రాత్రి రెండింటికి గొంతులో గురగురమని చప్పుడు మొదలైతే ఆవిడ బాధపడుతున్నట్టా, కాదా? అడుగుదామంటే మనిషి లేడు. ఆ పదహారు రాత్రులూ నేను మరచిపోలేను.

ఈమధ్య మా అక్కయ్య కూతురు ఫోనులో మాట్లాడుతూ ఒక సంగతి చెప్పింది. వాళ్లుండేది అమెరికాలో ఒహాయో రాష్ట్రం, సిన్సినాటి. "పిన్నీ, మా ఊళ్లో ఒక కంపెనీ ఉంది. అటు మురుగు గొట్టాలూ బాగుచేయిస్తుంది, ఇటు చివరిదశలో ఉన్న రోగులకి ఇంటికొచ్చి సేవా చేయిస్తుంది" అంది. మొదట నవ్వొచ్చింది. ప్లంబింగుకీ, ప్రాణం పోయేవాళ్ల సేవకీ ఏం పొత్తు? ఆ తరువాత నవ్వు పోయి, తెలుసుకోవాలనిపించింది. నేను చదివింది మెట్రిక్ వరకే. అయినా ఇంటి జమాఖర్చు ఇరవై ఏళ్లు రాసినదాన్ని కనుక, కంపెనీ లెక్కయినా ఓపిగ్గా చూస్తే అర్థం కాకపోదనుకున్నాను. తెలుసుకున్నంత మీకూ చెబుతాను.

ఆ కంపెనీ పేరు కెమెడ్. 1970లో పుట్టింది. అప్పట్లో అది డబ్ల్యు.ఆర్. గ్రేస్ అనే పెద్ద రసాయనాల కంపెనీకి పిల్ల కంపెనీ. హోటళ్లలో, ఫ్యాక్టరీలలో శుభ్రం చెయ్యడానికి వాడే రసాయనాలు దాని ముఖ్య వ్యాపారం. 1980లో అది రోటో-రూటర్ అనే మురుగు గొట్టాల సర్వీసు కంపెనీని కొన్నది. ఈ రోటో-రూటర్ పుట్టుక మనం చెప్పుకోదగ్గది, ఎందుకంటే ఇందులో ఒక ఇల్లాలి చెయ్యి ఉంది.

1930ల మొదట్లో అమెరికా అంతా ఉద్యోగాల్లేక అల్లాడుతున్న రోజులు. అయోవా రాష్ట్రంలో శామ్యూల్ బ్లాంక్ అనే ఆయన కొడుకు ఇంట్లో పాయిఖానా గొట్టం మూసుకుపోయింది. అక్కడ మురుగు గొట్టాలు చాలావరకు మట్టితో కాల్చినవి. ఒక గొట్టానికీ ఇంకో గొట్టానికీ మధ్య అతుకుల్లోంచి, నీటి చెమ్మ కోసం వెతుక్కుంటూ చెట్ల వేళ్లు సన్నగా లోపలికి దూరతాయి. లోపలికి వచ్చాక జుట్టులా అల్లుకుపోతాయి. వాటికి చెత్తా, జిడ్డూ చుట్టుకుని గొట్టం బిగుసుకుపోతుంది. అప్పట్లో దానికి మందు ఒక్కటే, పెరడంతా తవ్వి గొట్టం మార్చడం. బ్లాంక్ గారు బట్టలుతికే యంత్రం మోటారు ఒకటి తీసుకున్నారు. పిల్లలు కాళ్లకి కట్టుకునే స్కేటింగు చక్రాలు దానికి అమర్చారు. మూడెనిమిదోవంతు అంగుళం ఉక్కు తీగ తగిలించి, ఆ తీగ చివర కత్తులు పెట్టారు. మోటారు తిరిగితే తీగ తిరుగుతుంది, తీగతోపాటు కత్తులు తిరిగి లోపలి వేళ్లని కోసేస్తాయి. తవ్వకం అక్కర్లేదు. ఆ యంత్రానికి రోటో-రూటర్ అని పేరు పెట్టింది ఆయన భార్య లెటీ. 1935లో అది కంపెనీ అయింది. ఒక్కో యంత్రం 250 డాలర్లకి అమ్మితే, పనుల్లేని మగవాళ్లు అవి కొనుక్కుని తమ ఊళ్లలో అదే జీవనంగా పెట్టుకున్నారు.

ఇక రెండో శాఖ సంగతి. దాని పేరు వైటాస్. దాని సేవ అర్థం కావాలంటే ముందు హాస్పిస్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. రోగం నయం కాదని తేలిపోయాక, నయం చేసే ప్రయత్నం ఆపి, నొప్పి లేకుండా, మర్యాదగా, వీలైతే సొంత ఇంట్లోనే చివరిరోజులు గడిచేలా చూసుకోవడం హాస్పిస్. ఈ కాలంలో దీనికి దారి వేసింది లండనులో డాక్టర్ సిసిలీ సాండర్స్. ఆవిడ ముందు నర్సు, తరువాత సాంఘిక సేవకురాలు, ఆ తరువాత చదువుకుని డాక్టరయింది. 1967లో సెంట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. నొప్పి ఒంటికే కాదు, మనసుకీ, కుటుంబానికీ కూడా ఉంటుందని, అన్నిటికీ కలిపి చూడాలని ఆవిడ సిద్ధాంతం. మార్ఫిన్ మందు నొప్పి భరించలేనంత అయ్యాక కాకుండా, నొప్పి రాకముందే వేళకి వేళ ఇవ్వాలని చెప్పింది.

ఆ గాలి అమెరికాకీ వీచింది. 1978లో ఫ్లోరిడాలో మయామీ నగరంలో హ్యూ వెస్ట్‌బ్రూక్ అనే ఒక క్రైస్తవ పాస్టరు, ఎస్తర్ కాలిఫ్లవర్ అనే నర్సు కలిసి ఒక హాస్పిస్ మొదలుపెట్టారు. అదే పెరిగి పెద్దదై తరువాత వైటాస్ అయింది. 1982లో అమెరికా ప్రభుత్వం అరవై అయిదేళ్లు నిండినవాళ్లకిచ్చే మెడికేర్ బీమాలో హాస్పిస్ సేవని చేర్చింది. దాంతో దానధర్మాలమీద నడిచే పనికి ఒక స్థిరమైన రాబడి వచ్చింది. రాబడి ఉన్నచోటికి వ్యాపారం కూడా వస్తుంది కదా!

కెమెడ్ 1991లో తన రసాయనాల వ్యాపారం అమ్మేసింది. అదే ఏడాది వైటాస్‌లో కొంత పెట్టుబడి పెట్టింది. 2003లో కంపెనీ తన పేరే రోటో-రూటర్ అని మార్చుకుంది. 2004లో వైటాస్‌ని పూర్తిగా కొనేసింది. చివరిదశ రోగుల సేవ చేసే కంపెనీకి మురుగు గొట్టాల పేరేమిటని అనుకున్నారో ఏమో, ఆ ఏడాదే మళ్లీ కెమెడ్ అని పాత పేరు పెట్టుకున్నారు!

అయితే ఈ రెండిటినీ ఎలా నడుపుతారు? ప్లంబరు పొద్దున గొట్టం తీసి, సాయంత్రం రోగి దగ్గర కూర్చుంటాడా? లేదండీ. ఇది పూర్వపు ఉమ్మడి కుటుంబంలాంటిది. పొయ్యిలు రెండు, కొట్టుగది ఒకటి. రోటో-రూటర్‌కి దాని పెద్దలు, దాని మనుషులు, దాని వ్యాన్లు వేరు. వైటాస్‌కి దాని డాక్టర్లు, నర్సులు, దాని పద్దులు వేరు. ఒకరి వంటింట్లోకి ఇంకొకరు రారు. సిన్సినాటిలో ఉన్న పెద్ద ఆఫీసు చూసేది తాళంచెవి సంగతి: లెక్కలు, కోర్టు వ్యవహారాలు, మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలి, ఏది కొనాలి అన్నవి. 2019లో అలాగే రోటో-రూటర్ పేరుమీద వేరేవాళ్లు నడుపుకుంటున్న కొన్ని పెద్ద ఫ్రాంచైజీలని తిరిగి కొన్నది.

2024లో కంపెనీ మొత్తం రాబడి దాదాపు 243 కోట్ల డాలర్లు. అందులో వైటాస్‌ది సుమారు 153 కోట్లు, రోటో-రూటర్‌ది సుమారు 90 కోట్లు.

ఈ రెండు వ్యాపారాలకీ పోలిక లేదనుకున్నాను గానీ, ఆలోచిస్తే ఉంది. రెండిటికీ పెద్ద ఫ్యాక్టరీ అక్కర్లేదు. పెట్టుబడి అంతా మనుషులే. రెండూ ఇంటి గుమ్మంలోకి వచ్చే పనులు. రెండిటికీ పగలూ రాత్రీ ఫోను ఎత్తే మనిషి ఉండాలి. రెండూ మనం సరదాకి కొనుక్కునేవి కావు. చీర కొనడం వచ్చే ఏడాదికి వాయిదా వేసుకుంటాం గానీ, పొంగే మురుగుని వాయిదా వెయ్యలేం, పోయే ప్రాణాన్నీ వెయ్యలేం. అందుకే రోజులు బాగున్నా, బాగుండకపోయినా ఈ పనులకి గిరాకీ ఉంటుంది. ఒకటి తగ్గితే ఇంకోటి ఆదుకుంటుంది కూడా. 2020లో కరోనా వచ్చినప్పుడు అందరూ ఇళ్లలోనే ఉండిపోయి సింకులూ పాయిఖానాలూ తెగ వాడారు. ఇళ్లలో ప్లంబింగు పని బాగా పెరిగింది. అదే రోజుల్లో వృద్ధాశ్రమాలకి వెళ్లేవాళ్లు తగ్గిపోయి, అక్కణ్ణించి వైటాస్‌కి వచ్చే రోగులు తగ్గారు. ఒక పొయ్యిమీద ఎసరు తగ్గితే రెండో పొయ్యి ఇల్లు నిలబెట్టింది.

అయితే డబ్బు వచ్చే దారి మాత్రం రెండిటికీ వేరు. మనం జాగ్రత్తగా చూడవలసింది ఇదే.

ప్లంబింగులో ఏ పనికి ఆ పని లెక్క. ఇంటివాళ్లే డబ్బిస్తారు. గొట్టం తియ్యడంతో ఆగకుండా, గొట్టం మార్చడం, పెరడు తవ్వడం, నీళ్లు నిలిచి నానిపోయిన గోడలూ నేలా ఆరబెట్టడం కూడా వాళ్లే చేస్తారు. వచ్చే పనివాడికి చాలాచోట్ల కమిషన్ మీద జీతం. ఎక్కువ పని చెబితే ఎక్కువ డబ్బు. కనుక "గొట్టం మొత్తం మార్చాలమ్మా" అన్నప్పుడు, ఒక్కసారి ఆలోచించుకోవలసిన పని మనదే.

హాస్పిస్‌లో ఇంటివాళ్లు దాదాపు ఏమీ ఇవ్వరు. వైటాస్ రాబడిలో తొంభై శాతం పైగా ప్రభుత్వం దగ్గర్నించే వస్తుంది. మామూలుగా నడిస్తే ఈ రోగికి ఆరునెలలకి మించి ఆయుష్షు లేదని ఇద్దరు డాక్టర్లు రాసివ్వాలి. ఆ రోగం నయం చేసే వైద్యం ఇక వద్దని రోగి సంతకం పెట్టాలి. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకుని మళ్లీ వైద్యానికి వెళ్లొచ్చు. ఆరునెలలు దాటి బతికితే సేవ ఆగిపోదు, డాక్టరు మళ్లీ చూసి రాసిస్తే సాగుతుంది. నర్సు, ఒళ్లు తుడిచి స్నానం చేయించే ఆయా, సాంఘిక కార్యకర్త, కావాలంటే మతగురువు, మందులు, ఆసుపత్రి మంచం, ఆక్సిజన్ అన్నీ అందులోవే. చూసుకునేవాళ్లు అలిసిపోతే రోగిని అయిదురోజుల దాకా వేరేచోట ఉంచి, వాళ్లకి విశ్రాంతి ఇస్తారు. మనిషి పోయాక కూడా ఏడాది దాకా ఆ కుటుంబాన్ని పలకరిస్తూ ఉండాలని నియమం. మొత్తం సేవ గంటల్లో అయిదు శాతమైనా జీతం తీసుకోని స్వచ్ఛంద సేవకులు చెయ్యాలని కూడా చట్టంలో ఉంది. మొదలు పెట్టినవాళ్లు దానబుద్ధితో పెట్టారన్న గుర్తు ఈ ఒక్క నియమంలో మిగిలింది.

ప్రభుత్వం ఇచ్చేది రోజు లెక్క. 2025 లెక్క ప్రకారం ఇంట్లో మామూలు సేవకి మొదటి 60 రోజులూ రోజుకి సుమారు 225 డాలర్లు, ఆపైన సుమారు 177 డాలర్లు. ఊరినిబట్టి కొంచెం మారుతుంది. ఆ రోజు నర్సు వచ్చినా ఇంతే, రాకపోయినా ఇంతే. రోగికి బాధ ఎక్కువై, మనిషి రాత్రింబగళ్లు పక్కనే ఉండవలసి వస్తే మాత్రం రోజుకి సుమారు 1,600 డాలర్లు.

మీరు కూడా ఇల్లాళ్లే కనుక ఇందులో చిక్కు ఈపాటికి పట్టేసి ఉంటారు. రోగికి ఖర్చు ఎక్కువయ్యేది చేర్చుకున్న మొదటి రోజుల్లో, మళ్లీ చివరి రోజుల్లో. మధ్యరోజుల్లో ఖర్చు తక్కువ. అలాంటప్పుడు, ఎక్కువకాలం బతికే రోగుల్ని, పెద్దగా పని అక్కర్లేనివాళ్లని ఏరుకుని చేర్చుకుంటే లాభం ఎక్కువ. మా అత్తగారిలా పదహారు రోజుల్లో పోయే రోగి లాభం తక్కువ, పని ఎక్కువ. ఇది ఏ ఒక్క కంపెనీ తప్పూ కాదు, లెక్క కట్టిన పద్ధతిలోనే ఉంది. అందుకే ప్రభుత్వం పరిమితి కూడా పెట్టింది. ఒక హాస్పిస్ తన రోగులందరికీ కలిపి, సగటున తలకి ఇంతకు మించి తీసుకుంటే మిగతాది తిరిగి కట్టాలి. 2025లో ఆ పరిమితి 34 వేల డాలర్ల పైచిలుకు.

వైటాస్ మీదే ఈ విషయంలో వ్యాజ్యం వచ్చింది. చివరిదశలో లేనివాళ్లకీ బిల్లులు వేశారని, అవసరం లేనిచోట కూడా రాత్రింబగళ్ల సేవ లెక్క రాశారని అమెరికా ప్రభుత్వం 2013లో కోర్టుకెక్కింది. 2017లో కంపెనీ 7 కోట్ల 50 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది. అది రాజీయే, కోర్టు తప్పు తేల్చలేదు. కానీ ఆ తరువాత అయిదేళ్లు బయటివాళ్లు లెక్కలు చూసేందుకు కంపెనీ ఒప్పుకుంది.

ఇది విన్నాక మావారు "చావుమీద వ్యాపారమేమిటే, ఛీ" అన్నారు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఆలోచించండి. మా అత్తగారి చివరి రాత్రుల్లో వ్యాపారమూ రాలేదు, ధర్మమూ రాలేదు, ఎవరూ రాలేదు. డబ్బు తీసుకునైనా సరే, "అమ్మా, ఆ చప్పుడు గొంతులో తేమ వల్ల, ఆవిడకి బాధ తెలియట్లేదు, కాస్త పక్కకి తిప్పి పడుకోబెట్టండి" అని చెప్పే నర్సు ఒక్కతి ఫోనులో దొరికితే నేను కాళ్లు కడిగి నెత్తిన చల్లుకునేదాన్ని. వ్యాపారం చేస్తున్నారా, ధర్మం చేస్తున్నారా అన్నది ఒక్కటే చూస్తే చాలదు. పిలిస్తే వస్తారా, వచ్చి చెప్పింది చేస్తారా అన్నది చూడాలి.

కనుక ఎవరినైనా ఇంటికి పిలిచేముందు, ప్లంబరైనా, నర్సయినా, అడగవలసిన ప్రశ్నలు ఇవే. రాత్రి రెండింటికి ఫోను చేస్తే ఎత్తేదెవరు? వచ్చే మనిషి ఎవరు, ఎంతసేపట్లో వస్తారు? వారానికి ఎన్నిసార్లు వస్తారు, అది కాగితంమీద రాసిస్తారా? డబ్బు ఎలా లెక్క కడతారు? వద్దనుకుంటే మానెయ్యొచ్చా? ఈ అయిదు ప్రశ్నలకీ సూటిగా జవాబు చెప్పేవాళ్లయితే పిలవండి. నసిగితే ఆలోచించండి.

అమెరికాలో పిల్లల దగ్గరకి వెళ్లే అమ్మానాన్నలు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లకొక మాట. నేను చెప్పిన మెడికేర్ అక్కడివాళ్లకి. చూడటానికి వీసామీద వెళ్లినవాళ్లకి వర్తించదు. వెళ్లేముందే బీమా సంగతి పిల్లలతో మాట్లాడుకోండి.

మన దేశంలో ఈ సేవ ఇప్పటికీ ఎక్కువగా ధర్మసంస్థల చేతుల్లోనే ఉంది. 1986లో బొంబాయిలో శాంతి అవేదన పేరుతో మొదటి హాస్పిస్ వచ్చింది. కేరళ ప్రభుత్వం 2008లో ఇందుకు ఒక విధానమే ప్రకటించింది. అక్కడ ఇరుగుపొరుగువాళ్లే నేర్చుకుని రోగుల ఇళ్లకి వెళ్తారు. హైదరాబాదులో స్పర్శ్ హాస్పిస్ 2011 నుంచి ఉచితంగా సేవ చేస్తోంది. ఇవి ఉన్నాయని నాకు నాలుగేళ్ల కిందట తెలియదు. డాక్టరుగారు "ఇంటికి తీసుకెళ్లండి" అన్న రోజున "నొప్పి తగ్గించే పాలియేటివ్ సేవ ఎక్కడ దొరుకుతుందండీ?" అని ఒక్కమాట అడిగితే సరిపోయేది. నేను అడగలేదు. మీరు అడగండి.

మా బాత్రూము సంగతి కూడా చెప్పి ముగిస్తాను. మర్నాడు మధ్యాహ్నం ప్లంబరు వచ్చి, పొడుగాటి తీగ గొట్టంలోకి దింపి తిప్పాడు. వేళ్ల గుత్తి ఒకటి, మా పిల్లల చేతిరుమాలు ఒకటి బయటికొచ్చాయి. మా ప్రహరీగోడ పక్కన వేపచెట్టు వేళ్లవి. చెట్టు కొట్టించడానికి మనసొప్పలేదు. మా అత్తగారు నాటిన చెట్టు అది. ఏడాదికోసారి పండక్కి ముందే గొట్టం తీయించుకుందామని అనుకున్నాం. ఆ ప్లంబరు ఫోను నంబరు, హాస్పిస్ ఫోను నంబరు రెండూ ఒకే కాగితంమీద రాసి, ఫ్రిజ్‌కి అంటించాను.